కోతులు నేర్పిన పాఠం

పిల్లలూ!

ఈ సంగతి మీ ఇంట్లోనో, పొరుగింట్లోనో మీరు చూసే ఉంటారు. ఇద్దరు అన్నదమ్ములు. ఒకే చాపమీద పడుకుంటారు, ఒకే కుండలో అన్నం తింటారు, ఒకే బావి నీళ్ళు తాగుతారు. ఇద్దరికీ ఒకేసారి జ్వరం తగులుతుంది. తమ్ముడు మూడోనాటికల్లా లేచి గోలీలాడుతుంటాడు. అన్న పదిరోజులైనా మంచం దిగడు. ఎందుచేత?

నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో ఒక ఏడు మా ఊళ్ళో తట్టు వచ్చింది. మా బడిలో చదివే అన్నదమ్ములిద్దరికీ ఒకే వారంలో పోసింది. చిన్నవాడు త్వరగానే కోలుకుని బడికి వచ్చాడు. పెద్దవాడు నెల పైగా తీసుకున్నాడు. చివరకు వాణ్ణి వెంటబెట్టుకొచ్చిన తండ్రి, అందరిముందూ, "వీడు ఒట్టి అర్భకుడండీ, మాస్టారూ! చిన్నవాడే నయం," అన్నాడు. పిల్లవాడు తల వంచుకున్నాడు.

వాడు చేసిన తప్పేమిటి? అలా తల వంచుకోవలసిన అవసరమేమిటి? ఆ రోజు ఆ తండ్రికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ చెప్పగలను. ఆ జవాబును నాకు నేర్పినవి, మీరు నమ్మినా నమ్మకపోయినా, కోతులు!

కోతి అనగానే మీకు గుడిదగ్గర కొబ్బరిచిప్ప లాక్కుపోయే కోతి జ్ఞాపకం వస్తుంది. మన దక్షిణాది కోతికి తోక పొడుగు. నెత్తిమీద వెంట్రుకలు టోపీ పెట్టినట్టు ఉంటాయి. ఉత్తరదేశంలో ఉండేది మరొక జాతి. దాని తోక పొట్టి, ముఖం ఎర్రన. దానిని రీసస్ కోతి అంటారు. పూర్వం ఈ రెండు జాతులకూ సుమారుగా మన గోదావరే సరిహద్దుగా ఉండేది.

రీసస్ కోతి శరీరం పనిచేసే తీరు చాలావరకు మన శరీరం పనిచేసే తీరే. అందువల్ల శాస్త్రజ్ఞులకు దాని అవసరం ఎక్కువయింది. 1950 తరవాత, పోలియో టీకా తయారయ్యే రోజుల్లో, మన దేశంనుంచి వేలకు వేలు రీసస్ కోతులను విదేశాలకు పంపేవారు. 1978లో మన ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపివేసింది. అయితే అప్పటికే వెళ్ళిన కోతులకు అక్కడ పిల్లలు, ఆ పిల్లలకు పిల్లలు పుట్టాయి. అమెరికాలోని పరిశోధనా కేంద్రాలలో ఆ సంతతి ఈనాటికీ ఉన్నది. మన కథ జరిగింది ఆ కేంద్రాలలోనే.

1985లో అక్కడ జబ్బుపడిన రీసస్ కోతుల రక్తంలో ఒక కొత్త వైరస్ కనిపించింది. దానికి ఎస్.ఐ.వి. అని పేరు పెట్టారు. మనుషులకు ఎయిడ్స్ జబ్బు తెచ్చే హెచ్.ఐ.వి. అనే వైరస్‌కు ఇది దాయాది. నిజానికి ఆసియా ఖండపు కోతులకు ఈ వైరస్ సహజంగా లేదు. ఆ కేంద్రాలలో ఆఫ్రికానుంచి తెచ్చిన మాంగబే అనే కోతులుకూడా ఉండేవి. వాటినుంచి రీసస్ కోతులకు సోకింది.

వైరస్ అంటే ఏమిటో మీకు తెలుసు కదూ? అది అతి సూక్ష్మమైనది. తనంతట తాను పెరగలేదు. మన శరీరంలోని కణంలో దూరి, ఆ కణంచేతనే తనవంటివాటిని వేలకొద్దీ తయారుచేయించుకుంటుంది. ఎస్.ఐ.వి. అయితే మరీ గడుసుది. జబ్బులనుంచి శరీరాన్ని కాపాడే తెల్లకణాలలోనే దూరుతుంది. కావలివాణ్ణి కట్టేసి ఇల్లు దోచే దొంగవంటిదన్నమాట!

ఇక్కడ ఒక వింత చెబుతాను. మనిషికి సోకే హెచ్.ఐ.వి. రీసస్ కోతిలో నిలదొక్కుకోలేదు. 2004లో బోస్టన్ నగరపు శాస్త్రజ్ఞులు ఇందుకు ముఖ్యమైన కారణం కనిపెట్టారు. కోతి కణంలో ట్రిమ్-5 అనే ఒక మాంసకృత్తు ఉన్నది. హెచ్.ఐ.వి. గుమ్మం దాటి లోపల అడుగు పెట్టగానే ఇది దానిని పట్టేస్తుంది. ఇటువంటి మాంసకృత్తు మన కణాలలోనూ ఉన్నది. కాని దాని ఆకారంలో చిన్న తేడా ఉండటంవల్ల అది హెచ్.ఐ.వి.ని గట్టిగా పట్టుకోలేదు. ఎంత చిన్న తేడా ఎంత పెద్ద ఫలితం ఇచ్చిందో చూశారా?

ఇది ఒక జాతికీ మరొక జాతికీ ఉన్న తేడా. మనకు కావలసింది అన్నకూ తమ్ముడికీ ఉన్న తేడా. ఆ సంగతికి వద్దాం.

పరిశోధనా కేంద్రాలలోని రీసస్ కోతులన్నిటికీ ఒకే తిండి, ఒకే వసతి. ఒకే రకం ఎస్.ఐ.వి. సోకినప్పుడు వాటిలో చాలావరకు క్షీణించి జబ్బుపడ్డాయి. కాని కొన్ని కోతులు మాత్రం హాయిగా ఉన్నాయి. వాటి రక్తంలో వైరస్ ఉన్నదా లేదా అని వెదుక్కోవలసినంత తక్కువగా ఉన్నది. ఎవరూ వాటికి మందు ఇవ్వలేదు. వైరస్‌ను వాటి శరీరమే అదుపులో పెట్టుకున్నది! అది ఎలా సాధ్యమయింది?

ఇది బోధపడాలంటే మన శరీరంలో కావలి ఎలా జరుగుతుందో తెలియాలి. ఒక ఊరు ఊహించుకోండి. ఊళ్ళో ప్రతి ఇంటిముందూ ఒక అరుగు, అరుగుమీద గుంటలున్న ఒక పీట. వామనగుంటలు ఆడతారే, అటువంటి పీట. లోపల ఏమి వండినా దానిలో ఒక పిసరు తెచ్చి ఆ గుంటలలో పెట్టాలని ఊరి కట్టుబాటు. తలారి ప్రతిరోజూ వీధివెంట నడుస్తూ పీటలు చూస్తాడు. పప్పు, అన్నం, కూర కనిపిస్తే సరే, ముందుకు సాగిపోతాడు. ఊళ్ళో ఎవరూ తినని వస్తువేదో కనిపించిందనుకోండి, "ఓహో! ఈ ఇంట్లో దొంగలు చేరారు!" అని గ్రహిస్తాడు. వాళ్ళు పక్కిళ్ళలోకి పాకకముందే ఆ ఇంటినే కూల్చివేస్తాడు.

మన శరీరమే ఆ ఊరు. కణాలే ఇళ్ళు. తలారి పని చేసేవి టి-కణాలు అనే ఒక రకం తెల్లకణాలు. కణం తన లోపల తయారయ్యే మాంసకృత్తులను తుంచి, ఆ తునకలను బయటి పీటమీద పెట్టి చూపిస్తుంది. ఈ పీటలు కూడా మాంసకృత్తులే. వాటిని ఎం.హెచ్.సి. అంటారు. మనుషులలో వాటికే హెచ్.ఎల్.ఏ. అని మరొక పేరు.

ఈ సంగతి బయటపెట్టినవారు ఇద్దరు. ఒకరు ఆస్ట్రేలియాకు చెందిన పశువైద్యుడు పీటర్ డోహర్టీ. రెండవవారు స్విట్జర్లాండుకు చెందిన వైద్యుడు రోల్ఫ్ జింకర్‌నాగెల్. వీరిద్దరూ 1973 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా నగరంలో ఎలుకలమీద ప్రయోగాలు చేశారు. ఒక ఎలుక టి-కణాలు, పీటలు తమవాటివంటివే అయితేనే వైరస్ సోకిన కణాన్ని గుర్తుపట్టి చంపాయి. వేరు రకం పీటలున్న ఎలుక కణానికి అదే వైరస్ సోకినా పట్టించుకోలేదు. అంటే తలారి చూసేది వట్టి దొంగసొత్తును కాదు, తన ఊరి పీటమీద పెట్టిన దొంగసొత్తును! ఇందుకు వారిద్దరికీ 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ మధ్యలో, 1987లో, మనిషి కణంమీది పీట ఆకారాన్ని మరికొందరు శాస్త్రజ్ఞులు ఎక్స్-కిరణాల సహాయంతో చిత్రించారు. నిజంగానే దాని నడుమ ఒక గాడి, ఆ గాడిలో గుంటలు కనిపించాయి!

ఆ గాడిలో పట్టే తునక చాలా చిన్నది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలు అనే పూసలను గుచ్చిన దండలవంటివి. గాడిలో సాధారణంగా 8 నుంచి 10 పూసల ముక్క మాత్రమే పడుతుంది. ఎక్కువసార్లు 9 పూసలే.

ఇక అసలు రహస్యం వినండి. పీటలు అందరికీ ఒకేవిధంగా ఉండవు! ఏ ఆకారపు పీట తయారుకావాలో నిర్ణయించేవి జన్యువులు. మనం సగం జన్యువులు అమ్మనుంచీ, సగం నాన్ననుంచీ తెచ్చుకుంటాము. ఈ పీటల జన్యువులలో ఉన్నన్ని రకాలు మన శరీరంలో మరి ఏ జన్యువులలోనూ లేవు. లోకంలో వేలకొద్దీ రకాలున్నాయి. ఒక పీట గుంటలో చింతగింజ ఇముడుతుంది, కుంకుడుగింజ ఇమడదు. మరొకదానిలో కుంకుడుగింజే ఇముడుతుంది. కనుక ఒకే వైరస్ ఇద్దరిలో దూరినా, ఇద్దరి తలారులకూ కనిపించే తునకలు ఒకటి కావు. అన్నదమ్ములైనా సరే, అమ్మానాన్నలనుంచి ఒకే పీటలు వస్తాయన్న నియమం లేదు.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మేడిసన్ అనే నగరం ఉన్నది. అక్కడి కోతుల పరిశోధనా కేంద్రంలో, ఎస్.ఐ.వి.ని అదుపులో పెట్టుకున్న కోతుల జన్యువులను పరిశీలించారు. వాటిలో చాలావాటికి బి-08, బి-17 అనే రెండు రకాల పీటలలో ఏదో ఒకటి ఉన్నది. బి-08 అరుదైన రకం. మన దేశపు సంతతి రీసస్ కోతులలో నూటికి 5, 6 కోతులకు మాత్రమే ఉంటుంది. అది ఉన్న కోతులలో సుమారు సగం వైరస్‌ను అణచి ఉంచాయని 2007లో ప్రకటించారు.

సగమే సుమా! తక్కిన సగానికి అదే పీట ఉన్నా వైరస్ లొంగలేదు. జన్యువు సహాయం చేస్తుంది గాని, నుదుటిరాత రాయదు. ఈ మాట గుర్తుంచుకోండి. చివర మళ్ళీ మనకు పనికివస్తుంది.

"వైరస్‌ను అణచింది టి-కణాలే అని రుజువేమిటి?" అని మీలో చురుకైనవారు అడగవచ్చు. మంచి ప్రశ్న. 1999లో శాస్త్రజ్ఞులు ఎస్.ఐ.వి. ఉన్న కోతులకు ఒక మందు ఇచ్చి, తలారి పని చేసే టి-కణాలను కొద్దిరోజులు తొలగించారు. వెంటనే రక్తంలో వైరస్ పెరిగిపోయింది. టి-కణాలు తిరిగి వచ్చాక వైరస్ మళ్ళీ తగ్గింది. ఇంతకన్న రుజువు ఏమి కావాలి?

అయితే దొంగ చేతులు ముడుచుకు కూర్చోడు. తనను పట్టిస్తున్న తునకలో ఒక పూసను మార్చేస్తాడు. అప్పుడు అది గుంటలో ఇమడదు, లేదా తలారి ఆనవాలు పట్టలేడు. చొక్కా మార్చుకుని తప్పించుకున్నట్టన్నమాట. కొన్ని కోతులలో వైరస్ సోకిన నాలుగు వారాలకే ఇలా వేషం మార్చిందని 2000 సంవత్సరంలో కనుగొన్నారు.

మరి దొంగను పట్టడం ఎట్లా? చొక్కా మార్చుకోవచ్చు గాని వెన్నెముక మార్చుకోలేడు కదా! వైరస్‌లోనూ అటువంటి భాగాలు కొన్ని ఉన్నాయి. వాటిని మార్చుకుంటే వైరస్సే కుంటిదవుతుంది. హెచ్.ఐ.వి. సోకినా ఏళ్ళతరబడి మందు లేకుండానే దానిని అదుపులో ఉంచుకునే మనుషులు కొద్దిమంది ఉన్నారు. 2010లో అటువంటివారి జన్యువులను జబ్బు ముదిరినవారి జన్యువులతో పోల్చి చూశారు. ముఖ్యమైన తేడా ఆ పీట గాడిలోనే కనిపించింది. బి-57, బి-27 అనే రకాల పీటలు వైరస్ మార్చుకోవడానికి కష్టమైన ఆ తునకలనే పట్టి చూపిస్తాయి.

ఇంకొక ఆశ్చర్యం చెప్పనా? మనిషిలోని బి-27, కోతిలోని బి-08 దాదాపు ఒకే తరహా తునకలను పట్టుకుంటాయి. మన పూర్వీకులూ, రీసస్ కోతుల పూర్వీకులూ విడిపోయి సుమారు 2.5 కోట్ల సంవత్సరాలయింది. ఆ రెండు పీటలూ దగ్గరి చుట్టాలు కావు. అయినా ఇద్దరి శరీరాలూ వేరువేరు దారుల్లో ఒకే ఉపాయానికి వచ్చాయి!

"అయితే అందరికీ బి-27 ఉంటే ఎంత బాగుండును!" అనుకుంటున్నారా? తొందరపడకండి. వెన్నుపూసలు బిగుసుకుపోయి నడుము వంగని జబ్బు ఒకటి ఉన్నది. ఆ జబ్బు వచ్చినవారిలో ఎక్కువమందికి ఉండేది ఈ బి-27 పీటే. ఈ సంగతి 1973లో తెలిసింది. బి-27 ఉన్నవారందరికీ ఆ జబ్బు రాదు, చాలామంది సుఖంగానే ఉంటారు. కాని ఒకచోట మేలుచేసిన జన్యువే మరొకచోట కీడు చేయవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది. మంచి పీట, చెడ్డ పీట అని లేవు. ఈ దొంగకు ఈ పీట, ఆ దొంగకు ఆ పీట. అంతే.

అందుకే రకాలు ఎన్ని ఎక్కువ ఉంటే అంత మేలు. దీనికి సాక్ష్యం కావాలంటే హిందూమహాసముద్రంలోని మారిషస్ దీవికి వెళ్ళాలి. బ్రిటిషువారి కాలంలో మన తెలుగువారు కొందరు కోరంగి మొదలైన రేవులనుంచి ఓడలెక్కి చెరకుతోటల కూలికి వెళ్ళింది ఆ దీవికే. వారికంటే రెండు వందల ఏళ్ళకు పైగా ముందే అక్కడికి మరికొందరు ప్రయాణీకులు వెళ్ళారు. ఎవరనుకున్నారు? కోతులే! ఆగ్నేయాసియాకు చెందిన పొడుగుతోక కోతులను కొన్నిటిని నావికులు తమ ఓడలలో అక్కడికి తీసుకువెళ్ళారు. ఆ కొన్నిటి సంతానమే నేడు దీవి అంతటా వ్యాపించింది.

మొదట వెళ్ళినవి కొద్ది కోతులే కనుక, వాటిలో పీటల రకాలూ కొద్దే. ముఖ్యంగా 7 కట్టలు మాత్రమే ఉన్నాయి. ప్రతి కోతికీ తల్లినుంచి ఒక కట్ట, తండ్రినుంచి ఒక కట్ట వస్తాయి. కొన్నిటికి రెండు వైపులనుంచీ ఒకే కట్ట వస్తుంది. మేడిసన్ శాస్త్రజ్ఞులు ఈ దీవి సంతతి కోతులలో ఎస్.ఐ.వి.ని పరిశీలించి 2010లో తేల్చిన సంగతి ఇది. రెండు వేరువేరు కట్టలున్న కోతులకంటె, రెండూ ఒకే కట్ట అయిన కోతుల రక్తంలో వైరస్ ఎన్నో రెట్లు హెచ్చుగా ఉన్నది. రెండు రకాల పీటలున్న ఊళ్ళో దొంగకు దాక్కునే చోటు తక్కువ కదా!

ఇక, ఈ వైరస్‌ను రీసస్ కోతులకు అంటించిన ఆఫ్రికా మాంగబే కోతుల సంగతేమిటి? వాటి రక్తంలో వైరస్ దండిగా ఉంటుంది. అయినా అవి సాధారణంగా జబ్బుపడవు! వైరస్ సోకిన కొత్తలో వాటి తెల్లకణాలు విజృంభిస్తాయి. కొద్దివారాలలోనే శాంతిస్తాయి. రీసస్ కోతిలో అయితే ఆ కణాల ఆర్భాటం ఆగదు, దానితో శరీరమే చితికిపోతుంది. 2018లో మాంగబే జన్యువులన్నిటినీ చదివి చూడగా, రోగరక్షణకు సంబంధించిన కొన్ని జన్యువులలో తేడాలు బయటపడ్డాయి. రీసస్ కోతులలో కొన్ని యుద్ధం చేసి గెలిచాయి, మాంగబేలు సంధి చేసుకుని బతికాయి. ప్రకృతి దగ్గర ఒక్క ఉపాయమే ఉండదు.

పిల్లలూ! ఇప్పుడు ఆ అన్నదమ్ముల దగ్గరికి తిరిగి వద్దాం. ఆ తండ్రి మళ్ళీ కనిపిస్తే నేను ఇలా చెబుతాను:

"బాబూ! జబ్బు ఒకడిని త్వరగా వదలడానికి, మరొకడిని పీడించడానికి కారణాలు అనేకం ఉంటాయి. వయస్సు, తిండి, లోపలికి పోయిన వైరస్ ఎంత, టీకా వేశారా లేదా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. పుట్టుకతో వచ్చిన జన్యువులూ ఒక కారణం. వాటిని పిల్లవాడు కోరి తెచ్చుకోలేదు. సగం నువ్వు ఇచ్చావు, సగం వాళ్ళమ్మ ఇచ్చింది. రేపు మరొక జబ్బు వస్తే పెద్దవాడే ముందు లేచి తమ్ముడికి గంజి కాచి ఇవ్వవచ్చు. వాణ్ణి అర్భకుడనకు."

తల్లిదండ్రులకు మరొక్క మాట. జన్యువులను మనం మార్చుకోలేము గాని, తలారికి దొంగ ఆనవాళ్ళు ముందుగానే చూపించవచ్చు. టీకా చేసే పని అదే. తట్టుకు టీకా ఉన్నది. రెండు మోతాదులూ తప్పక వేయించండి. హెచ్.ఐ.వి.కి ఈనాటికీ టీకా లేదు గాని, మంచి మందులున్నాయి. రోజూ వేసుకుంటే ఆరోగ్యంగా చాలాకాలం బతకవచ్చు. పక్కన కూర్చున్నా, కలిసి తిన్నా అది అంటదు. కనుక ఆ జబ్బు ఉన్న పిల్లవాణ్ణి బడిలో దూరంగా కూర్చోబెట్టడం అజ్ఞానం.

ఈ సంగతులన్నీ మనకు తెలియడానికి ఎన్నో కోతులు బోనుల్లో బతికాయి, జబ్బుపడ్డాయి, చనిపోయాయి. ఆ మూగజీవాలకు మనం రుణపడి ఉన్నాము. ఈసారి గుడిదగ్గర కోతి మీ చేతిలో అరటిపండు లాక్కుంటే రాయి తీయబోయేముందు ఈ మాట జ్ఞాపకం తెచ్చుకోండి. ఆ తరవాత మీ తరగతిలోని పిల్లలందరివంకా ఒకసారి చూడండి. ఎవరి పీటలు వారివి, ఎవరి బలం వారిది. అందరూ ఒకే అచ్చున పోసినట్టు లేకపోవడమే మనందరికీ రక్ష.